వాలుగ దవడ

ఎచ్చెర్ల హైవే మీద లారీ పోతే
మా తెరమీద బాక్టీరియా వణుకుతుంది.
అందుకే ఫొటోలన్నీ రాత్రి రెండు దాటాకే తీస్తాను,
ఇచ్ఛాపురం వైపు లారీలు ధాబాల ముందు కునుకు తీసే వేళ.

ఇవాళ్టి నమూనా పొందూరుది.
సీసా మీద నా చేతిరాతే:
దాలమ్మ, యాభై ఎనిమిది, కుడి బొటనవేలు.
పత్తి ఏకుతుంటే వాలుగ చేప దవడ జారి
పళ్లన్నీ ఒక్కసారే దిగాయట.
"సేప సచ్చినా కరుత్తాదమ్మా" అని
డ్రెస్సింగు గదిలో నవ్వింది.
అప్పటికి వేలు వంకాయంత ఉంది.

చూడాలంటే ముందు చంపాలి, ఈ పనిలో అదే మొదటి పాఠం.
గ్లూటరాల్డిహైడ్‌లో ఉన్నవాటిని ఉన్నట్టే బిగించి,
స్పిరిట్టులో మెట్టు మెట్టుగా దించి
ముప్పై, యాభై, డెబ్బై, నూరు,
ఒంట్లో చుక్క నీరు మిగలకుండా తోడేసి
ఆఖర్న బంగారం పూస్తాం.
నిజం బంగారమే,
వెంట్రుక మందంలో ఎనిమిదివేలో వంతు.
దాలమ్మ చెవులకి వేపపుల్లలున్నాయి.
కమ్మలు తాకట్టులో ఉన్నాయి.

మొదటి చిత్రం, మందు తగలనిది.
బియ్యపు గింజల్లా నున్నగా, నిండుగా, ఏ దిగులూ లేకుండా.

రెండోది, మందు తగిలిన రెండు గంటలకి.
ఇక్కడ మగ్గం గుర్తురాకుండా ఎలా ఉంటుంది?
ఈ మందు పురుగుని పొడవదు, కాల్చదు.
పురుగు గోడ ఒక నేత.
కొంచెం విప్పుకుంటూ కొంచెం నేసుకుంటూ పెరుగుతుంది.
మందు వెళ్లి, ముడివేసే వేళ్లని పట్టుకుంటుంది.
అంతే.
విప్పడం ఆగదు. ముడి పడదు.
లోపలి నీరు తోస్తూనే ఉంటుంది.
చిరుగు దగ్గర బుడగ పొడుచుకొస్తుంది,
కొన్ని పగిలి ఖాళీ సంచులయ్యాయి,
కొన్ని విడిపోవడం మరిచి పాముల్లా సాగాయి.
సంతోషించాను. లేచి కూజాలో నీళ్లు తాగాను.

మూడోది, దాలమ్మ రెండోసారి వచ్చినప్పటి చీముది.
ఏడు రోజులకిచ్చిన మాత్రలు మూడు రోజులే మింగింది.
"సలపరం తగ్గిపోనాది.
మిగిల్నవి మా గుంటడికి దాసినాను,
ఆడికీ జొరమొత్తాది గదా."
డాక్టరు కేకలేశాడు.
ఆవిడ నా వంక చూసింది,
పొదుపు చెయ్యడం తప్పెప్పుడయిందో
నేనైనా చెబుతానన్నట్టు.

అదే మందు, అదే మోతాదు, అవే రెండు గంటలు.
చుట్టూ ఒకటీ అరా కూలిన గోడలు.
మధ్యలో ఇది. నున్నగా.
నడుము దగ్గర సన్నని గాడి,
ఇంకాసేపట్లో రెండయ్యేది.
దీన్ని నేను ఆ గడియలోనే ఆపాను, బంగారంలో పెట్టాను.
దీని అక్కచెల్లెళ్లు మాత్రం ఆ బొటనవేల్లో ఉన్నాయి,
వాటినెవరూ ఆపలేదు.

రోడ్డు మీద లారీ.
తెర వణికింది.
ఒక్క క్షణం అది ఊపిరి తీసినట్టే అనిపించి
కుర్చీ వెనక్కి జరుపుకున్నాను.

పొద్దున్న రిపోర్టులో రాశాను:
కణం గోడ చెక్కుచెదరలేదు.
మందు మార్చారు. వేలు దక్కింది. గోరు దక్కలేదు.

నెల తరవాత పొందూరు వెళ్తూ ఆ ఫొటో పట్టుకెళ్లాను.
ఎందుకో తెలీదు, తిట్టడానికైతే కాదు.
ఒళ్లో పత్తి పక్కకి నెట్టి
బూడిదరంగు కాగితాన్ని తలకిందులుగా పట్టుకుంది.
చాలాసేపు చూసింది, నేతచీర అంచు చూసినట్టు.
"ఈటన్నిట్లోనీ ఇదొక్కటే సక్కగున్నాది" అంది,
గోరులేని బొటనవేలు దానిమీదే పెట్టి.

దవడని వేన్నీళ్లలో మరిగించి వాడమన్నాను.
"మరిగిత్తే పళ్లూడిపోతాయమ్మా" అని
మళ్లీ ఏకడం మొదలుపెట్టింది.